ఇసుక ఈగ నుంచి మెదడు దాకా: ఉత్తర తెలంగాణలో చాందీపుర వైరస్

చాందీపుర వైరస్ తెచ్చే మెదడువాపు గంటల్లో ముదిరే జబ్బు. పొద్దున ఆడుకున్న పిల్లకు మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతుంది. సాయంత్రానికి వాంతులు, రాత్రికి ఫిట్స్, తెల్లవారేసరికి పిలిస్తే పలకని స్థితి. ఆస్పత్రిలో చేర్చిన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయిన పిల్లలు చాలామంది. 2003 వానకాలంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇలా జబ్బుపడ్డారు. వారిలో 183 మంది చనిపోయారు. నూటికి 55 మందికి పైగా. జబ్బు 9 నెలల నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలకే వచ్చింది. ఎక్కువ దెబ్బ తగిలింది కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెలకు. అప్పటి కరీంనగర్ జిల్లా అంటే ఇప్పటి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ప్రాంతాలు కూడా కలిసినదే.

మెదడువాపు అనగానే ఆనాటి వైద్యులకు మొదట తట్టేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. వరి మళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు, పందులు, నీటి కొంగలు దాని బతుకుచక్రంలో భాగం. తెలుగు జిల్లాలకు అది కొత్త జబ్బు కాదు. కానీ 2003లో పిల్లల నుంచి తీసిన నమూనాల్లో ఆ వైరస్ ఆనవాళ్లు దొరకలేదు. వెస్ట్ నైల్, డెంగీ, తట్టు వంటి అనుమానాలూ తేలిపోయాయి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో బి.ఎల్. రావు, ఎ.సి. మిశ్రా తదితర శాస్త్రవేత్తలు నమూనాలను కణాల పెంపకంలో వేసి చూశారు. ఆరుగురు పిల్లల నమూనాల్లో కణాలను చంపే వైరస్ ఒకటి పెరిగింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అది ఒక కొస మొద్దుగా, మరో కొస గుండ్రంగా, తుపాకీ గుండు ఆకారంలో కనిపించింది. ఆ ఆకారం రాబ్డోవైరస్ కుటుంబానిది. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ వైరస్‌దీ ఇదే కుటుంబం.

దొరికిన వైరస్‌కు అప్పటికే పేరుంది. 1965లో నాగపూర్ పరిసరాల్లో చికున్‌గున్యా, డెంగీ జ్వరాలు వ్యాపించినప్పుడు ఇద్దరు జ్వర రోగుల రక్తంలో భట్, రోడ్రిగ్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నారు. అక్కడి చాందీపుర అనే ఊరి పేరే దానికి పెట్టారు. రోగులిద్దరూ పెద్దవాళ్లే, వచ్చింది మామూలు జ్వరమే. తర్వాత కొన్నేళ్లకు మహారాష్ట్రలోని ఇసుక ఈగల్లోనూ వైరస్ కనిపించింది. 1980లో మధ్యప్రదేశ్‌లో మెదడు జబ్బుతో ఉన్న రోగి నుంచి కూడా దాన్ని వేరుచేశారు. ఆఫ్రికాలో నైజీరియా ముళ్లపందుల్లో, సెనెగల్ ఇసుక ఈగల్లో దీని జాడ తెలిసింది. ఇన్ని ఆధారాలున్నా 2003 దాకా దీన్ని పిల్లల్ని చంపే వైరస్‌గా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ప్రయోగశాలల జాబితాలో ఒక మూలన ఉండిపోయిన పేరది.

కొత్తగా దొరికిన వైరస్ జన్యువును 1965 నాటి దానితో పోల్చి చూస్తే 96.7 నుంచి 97.5 శాతం దాకా ఒకటిగానే ఉంది. 38 ఏళ్లలో వచ్చిన మార్పు మూడు శాతమే. అంటే ఎక్కడినుంచో ఊడిపడిన కొత్త వైరస్ కాదిది. ఇక్కడి నేలలో, ఇక్కడి గోడల్లో తరాలుగా తిరుగుతున్నదే. పటం చూస్తే ఇది సహజంగానే కనిపిస్తుంది. నాగపూర్ నుంచి దక్షిణంగా వచ్చే జాతీయ రహదారి పెన్‌గంగ దాటగానే ఆదిలాబాద్ జిల్లాలోకి దిగుతుంది. అక్కడినుంచి నిర్మల్ మీదుగా గోదావరి, గోదావరికి ఇవతల కరీంనగర్. విదర్భ నుంచి కరీంనగర్ దాకా నేల, ఎండ, వాన, ఇళ్లు కట్టే తీరు, గొడ్లను కట్టేసే తీరు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. రాష్ట్ర సరిహద్దులు ఇసుక ఈగకు అడ్డం కావు.

ఇసుక ఈగ పేరుకే ఈగ. రెండు మూడు మిల్లీమీటర్లు మించని, ఒళ్లంతా నూగున్న, దోమ కన్నా చాలా చిన్న పురుగు. దోమతెర కన్నాల్లోంచి దూరిపోగలదు. రెక్కలు పైకెత్తి కూర్చుంటుంది, ఎక్కువ దూరం ఎగరలేక గెంతుతూ కదులుతుంది, చప్పుడు చేయదు. అందుకే కుట్టినా చాలామందికి ఏం కుట్టిందో తెలియదు. దోమలా దీనికి నిలవ నీళ్లు అక్కర్లేదు. గుడ్లు పెట్టేది తేమగా ఉన్న మట్టిలో, పేడ, ఎండుటాకులు కుళ్లే చోట, ఎలుక బొరియల్లో. పగలంతా మట్టి గోడల పగుళ్లలో, గొడ్ల కొట్టంలో చీకటి మూలల్లో దాక్కుంటుంది. పొద్దు గూకాక బయటికి వస్తుంది. రక్తం తాగేది ఆడదే, గుడ్లు పెట్టడానికి దానికి ఆ రక్తం కావాలి.

మట్టి గోడ, గూన పెంకులు, ఇంటి గోడకే ఆనుకుని కొట్టం, వాకిట్లో పెంటకుప్ప, ఎండాకాలంలో నేలమీదే పడుకునే పిల్లలు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పేదింటి ఈ ఏర్పాటంతా ఇసుక ఈగకు ఒకేచోట అన్నీ అమర్చిపెట్టినట్టే. తొలకరి వానలతో గాలిలో తేమ పెరగగానే వాటి సంఖ్య పెరుగుతుంది. జబ్బు ఏటా జూన్ నుంచి తలెత్తడానికి కారణం ఇదే. ఎత్తుకు ఎగరలేని పురుగు కాబట్టి నేలకు దగ్గరగా పడుకున్నవారికి కాట్లు ఎక్కువ. పిల్లలకు జబ్బు ఎందుకన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం చెప్పే జవాబులు తర్వాత వస్తాయి, ఈ పేదరికపు జవాబును మాత్రం మరిచిపోకూడదు.

2003 తర్వాత కరీంనగర్ జిల్లాలో ఇసుక ఈగల్ని పట్టి పరీక్షించినప్పుడు వైరస్ సెర్జెంటోమియా జాతి ఈగల్లో కనిపించింది. ఇదొక చిక్కు. కాలా అజార్ వంటి జబ్బుల్ని మోసే ఫ్లెబోటమస్ జాతి మనుషుల్ని బాగా కుడుతుంది. సెర్జెంటోమియాకు ఇష్టం బల్లులు, తొండలు. అయినా ఈ జాతిలో కొన్ని ఈగలు అవకాశం దొరికితే మనిషి రక్తమూ తాగుతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ప్రయోగాల్లో వైరస్ తల్లి ఈగ నుంచి గుడ్లలోకి, గుడ్లనుంచి పిల్ల ఈగల్లోకి చేరింది. మగ ఈగ నుంచి ఆడ ఈగకు సంగమంలోనూ అంటింది. ఏ జంతువునీ కుట్టకుండానే వైరస్ ఈగల వంశంలో కొనసాగగలదన్నమాట. ఊళ్లో రెండు మూడేళ్లు ఒక్క పిల్లకూ జబ్బు రాకపోయినా, గోడ పగుళ్లలో వైరస్ బతికే ఉండవచ్చు.

పురుగు కాటుతో మెదడుకు చేరే వైరస్‌ల్లో పిడుదులు మోసేవి ఇంకో గుంపు. ఆ పోలిక ఇక్కడ పనికొస్తుంది. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు కుప్పలుగా చచ్చిపోయాయి, వెంటనే అడవికి కట్టెలకు పోయినవాళ్లకు జ్వరాలు వచ్చాయి. అదే క్యాసనూరు అటవీ జ్వరం. పిడుదు కుట్టి వెంటనే వదలదు, రోజుల తరబడి చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా, నొప్పి తెలియకుండా, ఆ చోట రోగనిరోధక కణాలు మేలుకోకుండా చేసే పదార్థాలు దాని లాలాజలంలో ఉంటాయి. ఆ చాటున వైరస్ చర్మంలోని కాపలా కణాల్లోకి ఎక్కి, వాటితోపాటే దగ్గరి లింఫ్ గ్రంథికి, అక్కడినుంచి రక్తంలోకి చేరుతుంది. క్యాసనూరు జ్వరం వారం పైగా కాసి తగ్గిపోతుంది. కొన్నాళ్లు బాగుండి, నూటికి పది ఇరవై మందిలో మళ్లీ జ్వరం వస్తుంది, ఆ రెండో విడతలో తలనొప్పి, వణుకు, మతిమారడం కనిపిస్తాయి. ఐరోపా అడవుల్లోని పిడుదు మెదడువాపు కూడా తరచుగా ఇలాగే రెండు విడతల్లో నడుస్తుంది. వెన్నుపాములో కండరాల్ని కదిలించే కణాలు, మెదడు కాండం, చిన్నమెదడు దాని గురి. పిడుదు వైరస్ జబ్బులో రెండు విడతల నడుమ శరీరానికి కొన్ని రోజుల గడువు దొరుకుతుంది. చాందీపుర ఆ గడువు ఇవ్వదు.

రేబిస్‌తో పోలిస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఒకే కుటుంబం అయినా రేబిస్ వైరస్ నరాల వెంట మెల్లగా పైకి పాకుతుంది, మెదడు చేరడానికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే కుక్క కరిచాక టీకా వేసినా బతికించవచ్చు. చాందీపుర వైరస్‌కు అంత ఓపిక లేదు. దాని జన్యువు సుమారు 11 వేల అక్షరాల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. అందులో ఉన్నవి అయిదే ప్రొటీన్ల సూచనలు. పైపొరమీద పొడుచుకొచ్చిన ‘జి’ ప్రొటీన్ కణాన్ని పట్టుకుంటుంది. కణం దాన్ని ఒక సంచిలోకి లాక్కుంటుంది, ఆ సంచిలో ఆమ్లత పెరగగానే ‘జి’ ఆకారం మారి వైరస్ పొరను కణం పొరతో కలిపేస్తుంది, జన్యువు లోపల పడుతుంది. కణం కేంద్రకంలోకి పోవాల్సిన పనిలేకుండా, కేంద్రకం బయటే ‘ఎల్’, ‘పి’ ప్రొటీన్ల సాయంతో నకళ్లు మొదలవుతాయి. ఈలోగా ‘ఎం’ ప్రొటీన్ కేంద్రకం గుమ్మాలను మూయిస్తుంది. కణం తన సొంత ఆర్‌ఎన్‌ఏ సందేశాలను బయటికి పంపలేదు, వైరస్ వచ్చిందని పొరుగు కణాలకు చెప్పే ఇంటర్‌ఫెరాన్‌ను సరిగా తయారు చేయలేదు. హెచ్చరిక అందేలోపే కొత్త వైరస్‌లు పక్క కణాల్లోకి వెళ్లిపోతాయి.

రక్తంలో తిరిగే సూక్ష్మజీవులు మెదడులోకి రాకుండా ఆపడానికి అక్కడి రక్తనాళాల గోడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వైరస్‌లు దీన్ని దాటే తీరులు కొన్ని ఉన్నాయి. నాళం గోడ కణాల్లోకే దూరి అవతలి వైపు బయటపడటం ఒకటి. తెల్ల రక్తకణాల్లో దాక్కుని వాటితోపాటు లోపలికి పోవడం రెండోది. ఒంట్లో రేగిన వాపు రసాయనాల (సైటోకైన్ల) ధాటికి ఆ అతుకులు సడలినప్పుడు జొరబడటం మూడోది. కొన్ని వైరస్‌లు ముక్కులోని వాసన నరాల దారిన కూడా పోతాయి. ఏ దారిన పోయినా, లోపలికి చేరిన చాందీపుర వైరస్ పట్టేది నాడీకణాలనే. 2003లో చనిపోయిన ఒక బిడ్డ మెదడు కణజాలంలో వైరస్ ప్రొటీనూ, ఆర్‌ఎన్‌ఏ కూడా దొరికాయి.

నాడీకణం ఎలా చస్తుందో హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో ఎలుకలపై చేసిన పరిశోధన చూపించింది. కణాల పైపొరమీద ఫాస్ అనే గ్రాహకం ఉంటుంది. దానికి సంకేతం అందితే కణం తన్ను తాను ముక్కలు చేసుకుని చనిపోతుంది. చెడిపోయిన కణాలను శరీరం తొలగించుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటిది. చాందీపుర సోకిన నాడీకణాల్లో ఈ మార్గమే తెరుచుకుంటుంది. పక్కనున్న మైక్రోగ్లియా, అంటే మెదడు సొంత కాపలా కణాలు, రెచ్చిపోయి వాపు పుట్టించే రసాయనాలను విడుస్తాయి. వైరస్‌ను ఆపడానికి మొదలైన ఈ పోరు ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలనూ కాలుస్తుంది. చర్మం మళ్లీ మొలుస్తుంది, కాలేయం మళ్లీ పెరుగుతుంది. చచ్చిన నాడీకణం స్థానంలో కొత్తది రాదు.

వాపుకు పుర్రెలో చోటు లేదు. కణాల్లోకి, కణాల మధ్యకు నీరు చేరి మెదడు ఉబ్బితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే మెదడుకు ఎక్కే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే మరిన్ని కణాలు చస్తాయి, వాపు మరింత పెరుగుతుంది. ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ మెదడుకు ప్రాణవాయువు ఇంకా ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే ఊపిరి సరిగా ఆడదు. చివరికి మెదడు కిందికి జరిగి కాండాన్ని నొక్కేస్తుంది. ఊపిరినీ గుండె లయనూ నడిపించే కేంద్రాలు ఉన్నది అక్కడే. పిల్లలు చనిపోయేది ఎక్కువగా ఈ దశలోనే.

పెద్దలు తప్పించుకుని పిల్లలు ఎందుకు చిక్కుతారు? ప్రయోగశాల ఎలుకలు ఒక జవాబు చెప్పాయి. పిల్ల ఎలుకల చర్మం కిందో, పొట్టలోకో వైరస్ ఎక్కిస్తే అవి చనిపోతాయి. ఎదిగిన ఎలుకలు అదే మోతాదుకు నిలుస్తాయి. కానీ ఎదిగిన ఎలుక మెదడులోకి సూటిగా వైరస్‌ను ఎక్కిస్తే అదీ చనిపోతుంది. అంటే ఎదిగిన నాడీకణానికి ప్రత్యేకమైన రక్షణ ఏమీ లేదు, రక్షణ ఉన్నది మెదడుకు బయటే, వైరస్‌ను రక్తంలోనే అణిచేసే శక్తిలో. ఆ శక్తి వయసుతో వస్తుంది. దీనికి తోడు, వైరస్ తిరిగే ఊళ్లలో పెద్దల రక్తంలో దాన్ని నిర్వీర్యం చేసే యాంటీబాడీలు పిల్లల్లో కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. ఎప్పుడో చిన్న జ్వరంలా వచ్చిపోయిన గుర్తది. 9 నెలల లోపు పసికందులు 2003లో జబ్బుపడకపోవడానికి తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలే కాపలా అయి ఉండవచ్చు.

పుణె శాస్త్రవేత్తలు తమ ఫలితాలను 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అందరూ ఒప్పుకోలేదు. పిల్లలకు వైద్యం చేసిన హైదరాబాద్ వైద్యులు కొందరు తాము చూసినది మెదడువాపులా లేదన్నారు. వెన్నునీటిలో వాపు కణాలు చాలామందిలో మామూలుగానే ఉన్నాయి. కొందరు పిల్లలకు ఉన్నట్టుండి ఒకవైపు కాలూచెయ్యీ పడిపోయింది, కళ్లు ఒక పక్కకు తిరిగిపోయాయి. స్కానింగుల్లో మెదడులోని ఒక పెద్ద ధమని పరిధిలోనే దెబ్బ కనిపించింది. ఇది పక్షవాతం వంటి రక్తనాళాల జబ్బు, అంటువ్యాధిలా వచ్చిన మెదడుపోటు అన్నది వారి వాదన. వేలూరు వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ కూడా ఈ చర్చపై లాన్సెట్‌లోనే రాశారు.

ఆ వాదనలో బలం ఉంది. 329 మందిలో వైరస్ పెరిగింది ఆరుగురి నమూనాల్లో, దాని ఆర్‌ఎన్‌ఏ దొరికింది తొమ్మిది మందిలో. మరి మిగతావాళ్ల మాటేమిటి? జవాబు జబ్బు వేగంలోనే ఉంది. కొత్తగా సోకిన వైరస్‌ను చూపించే ఐజీఎం యాంటీబాడీలు తయారు కావడానికి రోజులు పడుతుంది. జబ్బు మొదలై నాలుగు రోజులు దాటాక తీసిన రక్తంలో అవి స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. చాలామంది పిల్లలు అప్పటిదాకా బతకలేదు. ముందే తీసిన రక్తంలో యాంటీబాడీ ఉండదు, ఆలస్యంగా తీసిన రక్తంలో వైరస్ ఉండదు. నమూనా తీసిన గంట, దాన్ని చల్లగా ఉంచి పుణె దాకా చేర్చిన తీరు కూడా ఫలితాన్ని మారుస్తాయి. తర్వాతి ఏళ్లలో వరంగల్ ప్రాంతంలో జరిగిన నిఘా అధ్యయనం ఉత్తర తెలంగాణ పిల్లల మెదడువాపుకు చాందీపుర ఒక ప్రధాన కారణమని తేల్చింది. రక్తనాళాల దెబ్బ గురించి వైద్యులు చెప్పినదాన్ని అంతమాత్రాన కొట్టిపారేయనక్కర్లేదు. అది ఒకే జబ్బులోని రెండో ముఖం కావచ్చు, రోగి పక్కన నిలబడి చూసినవారి సాక్ష్యానికి విలువ తగ్గదు.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది. దేశంలో 2006 నుంచి దశలవారీగా వేస్తున్నారు. ఆ టీకా చాందీపురకు పనిచేయదు. దీనికి ప్రత్యేకమైన మందు గానీ, వాడకానికి వచ్చిన టీకా గానీ లేవు. చేయగలిగిందల్లా మెదడును కాపాడుతూ శరీరానికి గడువు సంపాదించి పెట్టడం: ఫిట్స్‌ను వెంటనే ఆపడం, ఊపిరి దారి తెరిచి ఉంచి ప్రాణవాయువు ఇవ్వడం, మానిటోల్‌తో మెదడులో నీరు తగ్గించడం, రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటం, అవసరమైతే వెంటిలేటర్. ఇవేవీ అరుదైన వైద్యాలు కావు. అయితే ఇవి దొరికే చోటు దూరం. 2003లో కరీంనగర్ పల్లె నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, హైదరాబాద్ నీలోఫర్‌కో పిల్లను చేర్చాలంటే ఆటోలు, జీపులే దిక్కు. 108 అంబులెన్సులు 2005 ఆగస్టులో గానీ మొదలు కాలేదు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 300. మొదటి ఫిట్స్‌కూ కోమాకూ మధ్య ఉన్న గంటలు చాలా కుటుంబాలకు ఆ దారిలోనే గడిచిపోయాయి. వానకాలంలో జ్వరంతోపాటు వాంతులూ, మగతా, ఫిట్స్‌లో ఏది కనిపించినా పొద్దున చూద్దామని ఆగకూడని జబ్బు ఇది. మొదటి ఫిట్స్‌ను అణిచే మందు, ప్రాణవాయువు మండల కేంద్రంలోనే ఉండాలి.

2004లో గుజరాత్‌లోని వడోదర ప్రాంతంలో, 2007లో నాగపూర్ ప్రాంతంలో జబ్బు మళ్లీ తలెత్తింది. 2024 జూన్‌లో గుజరాత్‌లోని సాబర్‌కాంఠా జిల్లాలో మొదలైన వ్యాప్తి అప్పటికి 20 ఏళ్లలో అతిపెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆగస్టు 15 నాటికి మెదడువాపు లక్షణాలతో 245 కేసులు, 82 మరణాలు నమోదయ్యాయి. చాందీపుర అని నిర్ధారణ అయినవి 64. ఆ 245లో వేరే కారణాల జబ్బులూ ఉన్నాయి కాబట్టి ఈ మరణాల శాతాన్ని 2003 నాటి అంకెతో నేరుగా పోల్చి తృప్తిపడటం సరికాదు.

పురుగును ఆపడం మాత్రం సాధ్యమే, ఎందుకంటే దాని బలహీనతలు తెలిసినవే. అది దూరం ఎగరదు, ఎత్తుకు పోదు, పగలు గోడల్లోనే ఉంటుంది. అందుకే పురుగుమందును ఇంటి లోపలి గోడలకూ కొట్టం గోడలకూ నేలనుంచి సుమారు ఆరడుగుల ఎత్తుదాకా కొడతారు. వీధుల్లో పొగ వదిలితే దోమలకు కొంత పనిచేస్తుంది, గోడ పగులులోని ఇసుక ఈగకు అది చేరదు. పగుళ్లను పూడ్చడం, గోడలకు గచ్చు చేయడం, పెంటకుప్పను ఇంటికి దూరంగా వేయడం, పిల్లల్ని నేలమీద కాక మంచంమీద, కన్నాలు బాగా చిన్నవైన తెరలో పడుకోబెట్టడం. ఈ పనులకు సమయం ఏప్రిల్, మే నెలలు, తొలకరి పడకముందు. మొదటి పిల్ల ఆస్పత్రిలో చేరాక మొదలుపెడితే, ఆ ఊరి గోడల్లో ఆ ఏటి ఈగలు అప్పటికే రెక్కలు తొడిగి ఉంటాయి.